‘ప్లే టైమ్’ ఎలా చూడాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఫ్రెంచ్ దర్శకుడు జాక్ తాతి 1967లో తీసిన ‘ప్లే టైమ్’ గురించి గొప్పగా విని, ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని నలభై నిమిషాలు చూశారు. కథ మొదలుకాలేదు, హీరో ఎవరో తేలలేదు, మాటలు సరిగా వినపడలేదు, నవ్వూ రాలేదు. బ్రిటన్ పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ 2022లో విమర్శకుల ఓట్లతో ప్రకటించిన మేటి చిత్రాల జాబితాలో దీనికి 23వ స్థానం ఎందుకు ఇచ్చారో అంతుపట్టలేదు. తక్కినది చూడాలా, వదిలేయాలా అని అడిగారు.

చూడండి. అయితే మొదటి నుంచి చూడండి, ఇంకో రకంగా చూడండి. ఆ ‘ఇంకో రకం’ ఏమిటో చెప్పడానికే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

చాలా ఏళ్లుగా ఒక ఫిల్మ్ సొసైటీలో సినిమాలు వేసి, ఆ తరువాత చర్చ నడిపే పని నాది. ఈ సినిమా వేసినప్పుడల్లా మొదటి అరగంటలో చాలామంది మీలాగే ఇబ్బంది పడతారు. అది వారి లోపం కాదు, మీ లోపమూ కాదు. మనం చూసే సినిమాలు దాదాపు అన్నీ మన చూపును చెయ్యి పట్టుకుని నడిపిస్తాయి. ఉత్తరం ముఖ్యమైతే ఉత్తరమే తెర నిండా కనిపిస్తుంది. ఎవరు మాట్లాడితే కెమెరా వారివైపు తిరుగుతుంది. ఎప్పుడు బాధపడాలో, ఎప్పుడు నవ్వాలో సంగీతం ముందే చెబుతుంది. సింగీతం శ్రీనివాసరావు గారి ‘పుష్పక విమానం’లో (1987) సంభాషణలే లేవు. అయినా మనకు ఎక్కడా తికమక కలగదు. ఏ వస్తువును ఎప్పుడు చూడాలో ఆయన షాటు షాటుకూ చూపిస్తూ వెళతారు. అదొక గొప్ప విద్య, నాకు ఎంతో ఇష్టమైన విద్య కూడా. తాతి మాత్రం ‘ప్లే టైమ్’లో సరిగ్గా ఆ పనే మానేశాడు.

ఈ సినిమాలో క్లోజప్ అన్నది లేదనే చెప్పాలి. మామూలు ఫిల్ము కన్నా చాలా వెడల్పైన 70 ఎంఎం ఫిల్ము మీద తీశారు. కెమెరా దూరంగా నిలబడుతుంది. తెర ముందు భాగంలో ఒకటి, మధ్యలో ఒకటి, వెనుక అద్దం అవతల ఇంకొకటి, పై అంతస్తులో మరొకటి, ఇలా ఒకే క్షణంలో నాలుగైదు సంగతులు జరుగుతుంటాయి. అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి, దేన్నీ మసకబార్చలేదు. వాటిలో ఏది ముఖ్యమో మాత్రం ఎవరూ చెప్పరు. తిరునాళ్లలో నిలబడ్డవాడికి ఏ కొట్టు చూడాలో, ఏ ఆట చూడాలో ఎవరూ చెప్పరు కదా, ఇక్కడ ప్రేక్షకుడి పరిస్థితీ అదే. మీరు కథ కోసం ఎదురుచూస్తున్నంతసేపూ తెర మూలల్లో కథలు వచ్చి వెళ్లిపోయాయి.

మొదటి దృశ్యాన్నే తీసుకోండి. మెరిసే నేల, బూడిదరంగు గోడలు, పొడవాటి హాలు. తెల్లని టోపీలు ఊగుతుంటే ఇద్దరు క్రైస్తవ సన్యాసినులు అడుగులో అడుగు వేసుకుంటూ వెళతారు. ముందు కూర్చున్న ఒక భార్య భర్తకు గుసగుసగా జాగ్రత్తలు చెబుతుంటుంది. పసిపిల్ల ఏడుపు వినిపిస్తుంది. తెల్ల దుస్తుల్లో ఒకామె నర్సులా నడిచి వెళుతుంది. ఇది ఆసుపత్రి అని మనకు దాదాపు ఖాయమైపోతుంది. కొంతసేపటికి గాజుగోడ అవతల విమానం తోక కనిపిస్తుంది. అది పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయం! మనల్ని మోసం చేయడం తాతి ఉద్దేశం కాదు. ఆసుపత్రి, ఆఫీసు, విమానాశ్రయం అన్నీ ఒకే అచ్చున పోసినట్టు కడుతున్న కాలం అది. చూపించినది ఏమిటో పోల్చుకోలేకపోవడమే ఆ దృశ్యంలోని సంగతి. అక్కడే చీపురూ చేటా పట్టుకున్న పారిశుధ్య కార్మికుడు ఒకడుంటాడు. ఆ తళతళలాడే నేల మీద ఊడవడానికి ఏమైనా దొరుకుతుందా అని అటూ ఇటూ వెతుకుతుంటాడు. అతన్ని మీరు గమనించి ఉండకపోవచ్చు. రెండోసారి చూసినప్పుడు అతని మీద నుంచి చూపు తిప్పుకోలేరు.

ఆ భవనాలు ఏవీ నిజమైనవి కావన్న సంగతి కూడా తెలిసి చూస్తే మేలు. పారిస్ తూర్పు శివార్లలో, వాన్సెన్ దగ్గర, తాతి ఒక చిన్న నగరాన్నే కట్టించాడు. దానికి ‘తాతీవిల్’ అని పేరు వచ్చింది. ఉక్కు, గాజు, సిమెంటుతో నిజం భవనాల్లాంటి ముఖభాగాలు, తారు రోడ్లు, ట్రాఫిక్ దీపాలు, సొంత విద్యుత్ కేంద్రం కూడా ఉండేవి. కొన్ని కట్టడాల కింద చక్రాలు పెట్టి, షాటుకు కావలసినట్టు జరిపేవారు. దూరంగా కనిపించే మనుషుల్లో, కార్లలో కొన్ని నిలువెత్తు ఫొటో బొమ్మలు. ఈసారి ఆఫీసు దృశ్యాల్లో వెనుక వరుసలు చూడండి, అసలు కదలకుండా నిలబడ్డవారు కనిపిస్తారు. షూటింగ్ ఏళ్ల తరబడి సాగింది, తుపాను గాలికి సెట్టు దెబ్బతింది, అప్పులు పెరిగాయి. 1967 డిసెంబరులో విడుదలైన సినిమా ఆ ఖర్చును రాబట్టలేకపోయింది. తాతి దివాలా తీశాడు, తన పాత సినిమాల హక్కులు కూడా చేజార్చుకున్నాడు. ఆ సెట్టును సినిమా విద్యార్థులకు ఉపయోగపడేలా నిలపాలన్నది ఆయన కోరిక. అదీ నెరవేరలేదు, అంతా కూల్చేశారు. ఒక్క సినిమా కోసం ఆయన తన ఆస్తినీ పేరునూ పణంగా పెట్టాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఇక హీరో సంగతి. తాతి సినిమాలు ముందే చూసినవారికి ముస్యూ యులో అనే పాత్ర తెలుసు. టోపీ, పైపు, గొడుగు, వానకోటు, చీలమండల పైకి ఉండే ప్యాంటు. తాతి స్వయంగా వేసే వేషం. మూకాభినయంతో రంగస్థలం మీద పేరు తెచ్చుకున్న నటుడాయన, నడకతోనే నవ్వించగలడు. 1958లో వచ్చిన ‘మోనాంకుల్’ ఆ పాత్రతోనే ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. అంత ఆదరణ ఉన్న పాత్రను ‘ప్లే టైమ్’లో కావాలనే గుంపులో కలిపేశాడు. యులో వస్తాడు, పోతాడు, చాలాసేపు కనపడనే కనపడడు. పైగా అదే కోటు, అదే టోపీ వేసుకున్న వేరేవాళ్లు మధ్యమధ్యలో కనిపించి, ప్రేక్షకుడిని మాత్రమే కాక సినిమాలోని మనుషులను కూడా పొరబడేలా చేస్తారు. హాస్యం ఒక్క హాస్యగాడి సొత్తు కాకూడదని, దారిన పోయే ప్రతి మనిషిలోనూ ఉంటుందని తాతి నమ్మకం. అందుకే పర్యాటకులుగా వచ్చే అమెరికన్ స్త్రీలలో చాలామంది నటులు కారు, అప్పట్లో పారిస్ దగ్గర నాటో స్థావరంలో పనిచేసే సైనికాధికారుల భార్యలు.

మాటలు వినపడలేదన్నారు. వినపడనవసరం లేదు. ఫ్రెంచ్, ఇంగ్లీష్, జర్మన్ కలగలిసిన ఆ మాటలు చాలావరకు గదిలోని సందడిలో ఒక భాగమే. వాటి బదులు చప్పుళ్లు వినండి. శబ్దాలన్నీ షూటింగ్ అయ్యాక విడిగా ఒక్కొక్కటే చేర్చినవి. అంటే మీ చెవికి చేరే ప్రతి చప్పుడూ తాతి ఎంచి పెట్టిందే. యులో ఆఫీసులో జిఫార్ అనే అధికారిని కలవడానికి వచ్చే దృశ్యం గుర్తుందా? అంతులేని వరండా చివర ఒక చిన్న ఆకారం. బూట్ల చప్పుడు టకటకమని దగ్గరవుతూ ఉంటుంది. యులో లేవబోతాడు, ముసలి కాపలాదారు ఇంకా ఉండమని సైగ చేస్తాడు. మళ్లీ లేవబోతాడు, మళ్లీ ఉండమంటాడు. జరిగేది ఒక మనిషి నడిచి రావడమే. ఆ కాసేపూ చెవి ఒకటి చెబుతుంటే కన్ను ఇంకొకటి చెబుతుంది. ఆ తరువాత వచ్చే వేచిఉండే గదిలో నల్ల కుర్చీలు, కూర్చుంటే ఒక రకంగా, లేస్తే ఒక రకంగా ఊపిరి వదులుతాయి. ఇంకొకచోట చప్పుడు చేయని తలుపులు అమ్మే వ్యాపారి ఉంటాడు. అతనికి యులో మీద పట్టరాని కోపం వస్తుంది. ఆ కోపంతో తలుపును ఫెడేలున వేస్తాడు. తలుపు మూసుకుంటుంది, చప్పుడు మాత్రం రాదు. అంత కోపమూ గాలిలో కలిసిపోతుంది. హెడ్‌ఫోన్లు ఉంటే పెట్టుకుని చూడమంటాను.

మీరు ఆపేసిన తరువాత కొంతసేపటికే నాకు అన్నిటికన్నా నచ్చిన దృశ్యాల్లో ఒకటి వస్తుంది. యులోను పాత సైనిక మిత్రుడు ఒకడు తన కొత్త ఫ్లాటుకు తీసుకెళతాడు. వీధివైపు గోడంతా అద్దమే. కెమెరా లోపలికి పోదు, వీధిలోనే ఆగిపోతుంది. లోపలి మాట ఒక్కటీ వినపడదు, రోడ్డు మీద బండ్ల రొద తప్ప. ఆ ఫ్లాటు పక్కనే ఇంకో ఫ్లాటు, మధ్య ఒకే గోడ. రెండు ఇళ్లలోనూ టీవీ ఆ గోడకే ఉంది. దాంతో బయటి నుంచి చూసేవారికి ఈ ఇంటివారు, ఆ ఇంటివారు ఒకరినొకరు చూసుకుంటున్నట్టే ఉంటుంది. ఇక్కడ ఒకాయన కోటు విప్పుతుంటే అక్కడ ఒకామె కన్నార్పకుండా చూస్తున్నట్టు అనిపిస్తుంది. ఆమె చూసేది టీవీ. కెమెరాను ఒక అడుగు లోపలికి జరిపితే ఈ దృశ్యమే లేదు. పక్కింటి మనిషి ఎవరో కూడా గమనించండి. పొద్దున్నుంచి యులో ఎవరిని కలవాలని తిరుగుతున్నాడో ఆ జిఫారే. ఈ సంగతి ఏ పాత్రా మనకు చెప్పదు, అతని ముక్కు మీది పట్టీని బట్టి మనమే పోల్చుకోవాలి.

ఇంత వివరంగా చూడమంటున్నాను కదా, పట్టుకోవడానికి ఒక ఆధారం కావాలి. అది గీతలు. సినిమా మొదట్లో మనుషులు ఎలా నడుస్తున్నారో చూడండి. అందరూ తిన్నగా నడుస్తారు, లంబకోణంలో మలుపు తిరుగుతారు. భవనాలు ఎలా గీస్తే వారూ అలాగే కదులుతారు. అప్పుడు రంగులు కూడా బూడిద, నీలం, నలుపే. కొంచెం ఎరుపో ఆకుపచ్చో కనిపిస్తే అది పూలమ్మే ముసలావిడ దగ్గరో, ట్రాఫిక్ దీపం దగ్గరో. సినిమా సాగేకొద్దీ తిన్నని దారులు వంకర్లు తిరుగుతాయి, రంగులు పెరుగుతాయి. చివరికి నడిచేవారు, ఆడేవారు, బండ్లు నడిపేవారు అందరూ వలయాలుగా తిరుగుతారు. కథ ఏదీ అని అడిగారు కదా, నా మటుకు ఇదే కథ. గీత పట్టుకుని నడిచినవారు ఒక రాత్రిలో గుండ్రంగా తిరగడం నేర్చుకున్నారు. తాతి కూడా ఈ సినిమా గురించి ఇంచుమించు ఇలాగే చెప్పేవాడు.

ఆ మార్పు జరిగే చోటు రాయల్ గార్డెన్ అనే హోటల్. ఒకే రాత్రి, ఒకే చోటు, దాదాపు ముప్పావు గంట. ఎంత ఓపిక ఉంటే అంతా దీనికోసం దాచుకోండి. ప్రారంభోత్సవం రోజు అది, పని ఇంకా పూర్తి కాలేదు. నేల పలక ఒకటి ఊడి, మేనేజరు బూటుకు అంటుకుని వస్తుంది. వంటగదిలో నుంచి వంటకాలు అందించే కిటికీ చేప పళ్లెం కన్నా ఇరుకు. ఆర్కిటెక్టు టేపు పట్టుకుని కొలుస్తూనే ఉంటాడు. కుర్చీల వీపున ఉన్న ఇనుప కిరీటం, ఆనుకుని కూర్చున్న ప్రతివారి వీపు మీదా అచ్చు వేస్తుంది. ఒక చేప వంటకం ఉంది. బల్ల పక్కన బండి మీద పెట్టి సర్వరు దానికి మసాలా చల్లి, వేడి చేసి వెళతాడు. ఇంకో సర్వరు వచ్చి మళ్లీ చల్లుతాడు. ఆ తరువాత మరొకడు. ఆ చేపకు ఎన్ని మర్యాదలు జరిగాయో, అది చివరికి ఎవరి నోటికైనా చేరిందో లేదో మీరే చూసుకోండి.

నేను రెండోసారి చూసేవారికి ఎప్పుడూ చెప్పేది ఒకటుంది. ఈ హోటల్ దృశ్యంలో ఒక్క మనిషిని పట్టుకోండి, చివరిదాకా వదలకండి. ఎవరిని పట్టుకోవాలో తోచకపోతే, ప్యాంటు చిరిగిన సర్వరును పట్టుకోండి. కుర్చీ కిరీటం తగిలి అతని ప్యాంటు చిరుగుతుంది. అతిథుల కంట పడకూడదని అతన్ని బయటికి పంపేస్తారు. ఇక అక్కడి నుంచి తక్కిన సర్వర్లకు అతనే దిక్కు. ఒకడి బో టై పాడవుతుంది, వచ్చి అతనిది తీసుకుని తనది ఇచ్చిపోతాడు. ఇంకొకడి కోటు చిరుగుతుంది, కోటు మార్చుకుంటాడు. మరొకడు బూట్లు. లోపల హోటలులో జరిగే నష్టమంతా ఈ ఒక్కడి ఒంటి మీదికి వచ్చి చేరుతుంది. ఇదంతా ఒక్కచోట చూపించరు. ఇంకేదో జరుగుతుండగా, తెర అంచున కాసేపు, మళ్లీ చాలాసేపటికి కాసేపు. మొదటిసారి చూసినవారిలో చాలామంది దీన్ని ఒక వరుసగా గుర్తుపట్టరు. పట్టిన రోజు మాత్రం ఈ సినిమా ఎలా అల్లారో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు తెలిసిపోతుంది.

తలుపు సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. గుమ్మానికున్న పెద్ద గాజు తలుపు యులో తగిలి ముక్కలైపోతుంది. మిగిలింది గుండ్రని ఇత్తడి పిడి ఒక్కటే. ద్వారపాలకుడు ఆ పిడిని గాలిలో పట్టుకుని, లేని తలుపును తెరిచి, అతిథులను లోపలికి పంపి, తిరిగి మూస్తుంటాడు. అతిథులు మర్యాదగా ఆగి, ‘తలుపు’ తెరిచాకే లోపలికి వస్తారు, టిప్పు కూడా ఇస్తారు. పగిలిన గాజు ముక్కలు ఏమయ్యాయో చూడండి, వాటిని ఐసుగడ్డల బదులు వాడతారు. ఇంతసేపూ గాజు మనుషులను విడదీసింది, ముక్కులు పగలగొట్టింది. ఇక్కడ గాజే లేకుండా పోయింది, హోటలు అందరిదీ అయింది. కాసేపటికి పైకప్పు అలంకరణ కూడా కూలుతుంది. ఒక ధనిక అమెరికన్ ఆ శిథిలాల మధ్య తనకంటూ ఒక చిన్న క్లబ్బు పెట్టేస్తాడు. లోపలికి రావడానికి కావలసిన అర్హత వీపు మీద కిరీటం ముద్ర. వాద్యబృందం వెళ్లిపోతే అతిథుల్లో నుంచే ఒకమ్మాయి, బార్బరా అనే పర్యాటకురాలు, పియానో వాయిస్తుంది. కట్టడం చెడినకొద్దీ మనుషులు దగ్గరవుతున్నారు. అదే ఈ రాత్రి చేసిన పని.

కొందరు విమర్శకులు ‘ప్లే టైమ్’ను ఆధునిక నగరం మీద ఫిర్యాదుగా చదువుతారు. నాకు ఆ చదువు సగమే ఒప్పనిపిస్తుంది. బార్బరా పారిస్ చూడాలని వచ్చింది. ఆమెకు ఈఫిల్ టవర్ కనిపించేది ఒక గాజు తలుపు తెరిచినప్పుడు దానిలో మెరిసే ప్రతిబింబంగానే. ప్రయాణాల ఆఫీసు గోడ మీద ప్రపంచ నగరాల పోస్టర్లున్నాయి, అన్నిటిలోనూ అదే పెట్టె ఆకారపు భవనం. ఇంతవరకు ఫిర్యాదే. కానీ చివర్లో పొద్దున్నే ఆ నగరంలోనే చౌరస్తా చుట్టూ కార్లు, బస్సులు రంగులరాట్నంలా తిరుగుతాయి. అంతా ఒక్కసారి ఆగుతుంది. ఎవరో పార్కింగ్ యంత్రంలో నాణెం వేస్తారు, రాట్నం మళ్లీ తిరుగుతుంది. కిటికీ తుడిచేవాడు అద్దాన్ని వంచుతాడు, అందులో కనిపించే బస్సు పైకి లేస్తుంది, దానికి తగ్గట్టు బస్సులోని ఆడవారి ‘ఓ’ అనే కేక వినిపిస్తుంది. నగరం మారలేదు. అదే గాజు, అదే రోడ్డు. దాన్ని చూసే తీరు మారింది. ఇంత ప్రేమగా చూసినవాడు ఆ నగరాన్ని ద్వేషించాడంటే నేను నమ్మను.

ఇక మీరు చేయవలసినవి. అన్నిటికన్నా ముఖ్యం తెర. ల్యాప్‌టాప్‌లో ఈ సినిమాలో సగం కనపడదు, ఫోనులో అసలు చూడవద్దు. పెద్ద టీవీ, కుదిరితే ప్రొజెక్టరు. కాస్త దగ్గరగా కూర్చోండి, అంచులు చూడటానికి తల తిప్పవలసి వచ్చేంత దగ్గరగా. ఈ సినిమాను పదేపదే చూడాలని, అదీ ప్రతిసారీ తెరకు వేరే దూరంలో కూర్చుని చూడాలని విమర్శకుడు నోయెల్ బర్చ్ అన్న మాట నేను అక్షరాలా పాటిస్తాను. సబ్‌టైటిళ్లు తీసేసి చూసినా నష్టం లేదు, పైగా కన్ను కిందికి జారకుండా ఉంటుంది. నలుగురితో కలిసి చూస్తే ఇంకా మంచిది. ఒకరు నవ్వినచోట ఇంకొకరు నవ్వరు, ‘ఏం చూశావు?’ అని అడగవలసి వస్తుంది. మా సొసైటీలో ఈ సినిమా తరువాత చర్చ ఎప్పుడూ అలాగే మొదలవుతుంది. మధ్యలో ఒక షాటు పొడవుగా అనిపిస్తే, ‘ఇంకా ఎందుకు కోయలేదు?’ అని విసుక్కోకుండా, తెర ఎడమ వైపు నుంచి కుడి వైపుకు ఒకసారి చూపు సారించండి. షాటు పొడవుగా ఉన్నది మీకు ఆ వ్యవధి ఇవ్వడానికే.

ఏ ప్రతి చూడాలన్న సందేహం కూడా రావచ్చు. మొదటి ప్రదర్శనల్లో సినిమా రెండున్నర గంటలకు పైనే ఉండేది. తరువాత తాతి స్వయంగా కొంత కత్తిరించాడు. 2002లో పునరుద్ధరించిన ప్రతి రెండు గంటల పైచిలుకు ఉంటుంది, ఇప్పుడు డిస్కుల్లోనూ ఓటీటీల్లోనూ సాధారణంగా దొరికేది ఆ నిడివిదే. నిడివి చూసి తీసుకోండి.

ఇంత చెప్పాక కూడా మొదటి గంట బరువుగా అనిపిస్తే, దీన్ని పక్కన పెట్టి ముందు ‘మోనాంకుల్’ చూడండి. అందులో యులో కథ మధ్యలోనే ఉంటాడు, చిన్న పిల్లవాడు ఉంటాడు, ఒక ఇల్లూ ఒక వీధీ ఉంటాయి, నవ్వు త్వరగా పలుకుతుంది. ఆ సినిమాలోని ఆధునిక ఇల్లు ఇక్కడ నగరమంతా పరచుకుందని తెలిసి వస్తే, ‘ప్లే టైమ్’ తలుపు మీకు మొదటి పది నిమిషాల్లోనే తెరుచుకుంటుంది. చూశాక ఆ సర్వరు ఒంటి మీదికి చివరికి ఏమేమి వచ్చి చేరాయో ఇక్కడ రాయండి, నేను లెక్కపెట్టినవాటితో సరిచూసుకుంటాను.